చేతికి అందే హ్యాండిల్



ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా, కళింగపట్నం నుంచి పార్వతీపురం దాకా మన ప్రాంతంలో ఎందరికో కూడు పెట్టేది రెండు చక్రాల బండే. తెల్లారకముందే భావనపాడు రేవులో చేపలు ఎత్తుకుని పల్లెలకు మళ్లే టీవీఎస్ ఎక్సెల్ బళ్లు, కవిటి, సోంపేట తోటల్లోంచి కొబ్బరికాయల బస్తాలు మోసే బళ్లు, నరసన్నపేటలో లుంగీల మూట కట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్లు, రణస్థలం, లావేరు పల్లెల నుంచి పైడిభీమవరం మందుల కంపెనీలకు షిఫ్టు వేళకి పరుగెత్తే కుర్రాళ్లు. వీళ్లలో ఎవరిని కదిపినా బండి లీటరుకి ఎంత ఇస్తుందో తడుముకోకుండా చెబుతారు. సాయంత్రానికి నొప్పి మెడలో మొదలవుతుందో, మణికట్టులో మొదలవుతుందో అదీ చెబుతారు. ఆ నొప్పికీ తాము పట్టుకున్న హ్యాండిల్‌కీ సంబంధం ఉంటుందని మాత్రం ఎక్కువమంది అనుకోరు. వయసు మీద పడిందంటారు, లేదా రోడ్డుని తిడతారు. రోడ్డుని తిట్టడంలో న్యాయం లేకపోలేదు. అయినా ఈ పూట రోడ్డుని వదిలేసి హ్యాండిల్ సంగతి మాట్లాడుకుందాం.

రెండొందల రూపాయల కూలికి చొక్కా కుట్టే దర్జీ కూడా భుజం కొలుస్తాడు, చెయ్యి పొడవు కొలుస్తాడు. లక్ష రూపాయలు పోసి బండి కొంటుంటే షోరూములో ఎవరూ టేపు తియ్యరు. రంగు అడుగుతారు, నెలకి వాయిదా ఎంత కట్టగలరో అడుగుతారు. కంపెనీ ఒక మోస్తరు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషిని లెక్కలో పెట్టుకుని ఒకే రకం హ్యాండిల్‌తో లక్షల బళ్లు తీస్తుంది. అయిదడుగుల మనిషికీ అదే, ఆరడుగుల మనిషికీ అదే. మిగిలిన సర్దుబాటు మనం చేసుకోవాలి. అందుకు కావలసిన ఏర్పాటు బండిలోనే ఉంది. అది ఉందని మనకి చెప్పేవాళ్లే లేరు.

ముందు మన కొలత మనం తీసుకుందాం. టేపు అక్కర్లేదు. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, రోజూ కూర్చునే చోటే కూర్చోండి. కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టండి. కళ్లు మూసుకుని చేతులు రెండూ కిందకి వదిలేయండి. భుజాలు జారిపోయినట్టు ఉండాలి. ఇప్పుడు మోచేతులు కొంచెం వంచి, హ్యాండిల్ పట్టుకోబోతున్నట్టు అరచేతులు ముందుకి చాపి, అలాగే ఆగి కళ్లు తెరవండి. మీ చేతులు ఆగిన చోటు మీ ఒంటి కొలత. గ్రిప్పులున్న చోటు కంపెనీ కొలత. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే మీరు అదృష్టవంతులు. గ్రిప్పులు ముందుకి ఉంటే మీరు రోజంతా వంగి నడుపుతున్నారన్న మాట, అంటే ఒంటి బరువు మణికట్టు మీద పడుతోంది. బాగా పైకి ఉంటే భుజాలు ఎగదీసి నడుపుతున్నారు, మెడ పట్టేసేది అందుకే. బాగా వెడల్పుగా ఉంటే బండి మలుపు తిరిగినప్పుడల్లా బయటివైపు చెయ్యి సాగిపోయి గూడ లాగుతుంది. మరీ ఇరుకైతే ఛాతీ బిగుసుకుంటుంది, బరువుతో ఉన్న బండి తిప్పడానికి బలం చాలదు.

ఇంకొక పరీక్ష. గ్రిప్పు పట్టుకుని రెండు వేళ్లు క్లచ్ లీవర్ మీద వేయండి. మోచేతి నుంచి వేలి కొస దాకా ఒకే గీత గీసినట్టు ఉండాలి. మణికట్టు దగ్గర చెయ్యి పైకి విరిగినట్టు గానీ కిందకి వాలినట్టు గానీ కనిపిస్తే లీవర్ ఉండవలసిన చోట లేదు.

మణికట్టు గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, వేళ్లకి పోయే నరాలు ఆ ఇరుకు సందులోంచే పోవాలి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కితే మణికట్టు నడిమి నరం నలుగుతోందని అర్థం. చిటికెనవేలు, దాని పక్క వేలిలో సగం మొద్దుబారితే అరచేతి మడమవైపు, అంటే చిటికెనవేలి కింద కండ ఉంటుందే, అక్కడ పోయే నరం మీద ఒత్తిడి పడుతోంది. సైకిలు దూరాలు తొక్కేవాళ్లకి ఇది బాగా తెలిసిన బాధ. మోటారు బండికి ఆ ఒత్తిడితోపాటు అదురు కూడా తోడవుతుంది. ఒంటి సిలిండరు ఇంజను నిమిషానికి 5,000 చుట్లు తిరిగిందంటే సెకనుకి 83 చుట్లు. ఆ ప్రతి చుట్టూ ఒక అదురై అరచేతిలోకి వస్తుంది. జపాన్‌లో మోటారు సైకిళ్ల మీద ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్‌లకి ఈ అదురు వల్లే వేళ్లు తెల్లబడి మొద్దుబారడం అక్కడి వైద్యులు గుర్తించారు. చలి దేశం కాబట్టి వాళ్ల వేళ్లు పాలిపోయాయి. ఇక్కడ మనవాళ్ల వేళ్లు పాలిపోయేది తక్కువ, తిమ్మిర్లే ఎక్కువ.

నరసన్నపేటలో రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. షిఫ్టు దిగి వచ్చిన కుర్రాడొకడు బండి ఆపి చెయ్యి విదిలిస్తూ నిలబడ్డాడు. మెకానిక్కు పంక్చరు పనిలో ఉన్నాడు, తలెత్తకుండానే అడిగాడు.

“ఏటి బావూ, సేతులు తిమ్మిరెక్కిపోతన్నాయా?”

“అవునన్నా. సిటికెనేలు ఉందో లేదో తెలీట్లేదు. హేండిల్ మార్పించేద్దునా?”

“ముందు బండెక్కి కూకో ఓపాలి.”

కుర్రాడు కూర్చున్నాడు. మెకానిక్కు వచ్చి, ఏమీ మాట్లాడకుండా వాడి మోచెయ్యి పట్టుకుని, రెండో చేత్తో వాడి మణికట్టు కిందకి నొక్కాడు. “సూసినావా, లీవరెక్కడుంది, నీ ఏళ్లెక్కడున్నాయి?” అన్నాడు. లీవర్లు రెండూ ఆకాశం చూస్తున్నాయి. బండి ఎప్పుడో పడిపోయినప్పుడు తిరిగిపోయాయో, కొన్ననాటి నుంచీ అలాగే ఉన్నాయో తెలియదు. లీవరు అందుకోవడానికి వాడు అరచేతి మడమ గ్రిప్పుకేసి అదిమిపెట్టి మణికట్టు వెనక్కి విరుస్తున్నాడు. రోజూ రానూ పోనూ, హైవే మీద. మెకానిక్కు చిన్న పానాతో క్లచ్ లీవర్ పట్టుకున్న క్లాంపు వదులు చేశాడు, లీవర్ని రెండు వేళ్ల మందం కిందకి తిప్పాడు, బిగించాడు. బ్రేకు వైపూ అంతే. అద్దాలు సరిచేశాడు, ఎందుకంటే లీవరు క్లాంపుతోపాటు అద్దం కూడా తిరిగిపోతుంది. మార్చిన వస్తువు ఒక్కటీ లేదు. “టీ ఇప్పించు బావూ, సాలు” అన్నాడు.

హ్యాండిల్ సంగతీ ఇంతే. చాలా బళ్లలో హ్యాండిల్ పైపుని టీ-ప్లేటు మీద రెండు క్లాంపులు, నాలుగు బోల్టులు పట్టి ఉంచుతాయి. వాటిని వదులు చేస్తే పైపు తనలో తాను తిరుగుతుంది. మీ వైపుకి వాల్చితే గ్రిప్పులు దగ్గరికి వచ్చి కాస్త కిందకి దిగుతాయి, అటు వాల్చితే దూరమవుతాయి. పైపు మీద చిన్న చుక్క ఒకటి కనిపిస్తుంది. అది కంపెనీ వాళ్ల గుర్తు. మీరు ఎంత తిప్పారో దాన్నిబట్టి తెలుస్తుంది, మళ్లీ మొదటికి రావాలన్నా దారి అదే. తిప్పడం అంటే బియ్యపు గింజంత. ఎక్కువ తిప్పితే గ్రిప్పులు వంకరగా నేల చూపులు చూసి మణికట్టుకి కొత్త బాధ మొదలవుతుంది. బిగించేటప్పుడు చాలా బళ్లలో ముందువైపు బోల్టులు ముందు, వెనకవి తరువాత. బలం ఉంది కదా అని పానా మీద వేలాడకండి, మర తెగుతుంది.

తరువాతి పరీక్ష మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు. బండిని న్యూట్రల్‌లో స్టార్టు చేసి హ్యాండిల్‌ని కుడి చివరికీ, ఎడమ చివరికీ తిప్పండి. ఇంజను చప్పుడు పెరిగిందా, ఎక్సిలేటర్ వైరు లాగేస్తోందన్న మాట. అలాంటి బండి ఇరుకు మలుపులో తనంతట తానే ముందుకి దూకుతుంది. చివరికి తిప్పినప్పుడు గ్రిప్పుకీ ట్యాంకుకీ మధ్య బొటనవేలు నలుగుతోందేమో చూడండి. డిస్కు బ్రేకు ఉంటే ఆ గొట్టం బిగదీసుకుపోకూడదు.

ఇంత చెప్పాక, మన ప్రాంతంలో ఎక్కువమంది ఒంటికి అమరిన హ్యాండిల్ ఏ బండిదని అడిగితే నేను మొహమాటపడకుండా టీవీఎస్ ఎక్సెల్ పేరు చెబుతాను. నవ్వకండి. 1980లో టీవీఎస్ 50 ఇద్దరు కూర్చునే మోపెడ్‌గా వచ్చింది. దాని వారసుడు ఎక్సెల్ 100, నాలుగు స్ట్రోకుల ఇంజనుతో 2015లో వచ్చింది. ఇంజను మారింది, కూర్చునే పద్ధతి మారలేదు. హ్యాండిల్ ఎత్తుగా, మన వైపుకి వెనక్కి వంగి ఉంటుంది. నిటారుగా కూర్చోవచ్చు. పొట్టివాళ్లకి అందుతుంది, పొడుగువాళ్లకి మోకాళ్లకి తగలదు. చేపలమ్మే ఆడమనిషి చీరకట్టుతో నడుపుతుంది, ఆవిడ మామగారు పంచె ఎగ్గట్టి నడుపుతాడు, ఇద్దరి భుజాలూ బాగానే ఉంటాయి. ఎక్సెల్ పోస్టర్లు కుర్రాళ్లు గోడకి అంటించుకోరు. చేతులకి సుఖమిచ్చే సంగతిలో మాత్రం దానికంటే మూడింతలు ఖరీదు పెట్టిన బళ్లు కూడా దాని వెనకే.

కుర్రాళ్ల పేరు వచ్చింది కాబట్టి వాళ్ల బళ్ల సంగతి. 2001లో పల్సర్ వచ్చిన దగ్గర్నుంచీ మన ఊళ్లలో బండి అంటే ట్యాంకు మీదకి వాలి నడిపేది అనే మోజు మొదలైంది. ఆ తరువాత ఇంకా కిందకి దిగిన క్లిప్-ఆన్ హ్యాండిళ్లు వచ్చాయి. అవి రేసు బళ్లకి పుట్టినవి. గంటకి వంద కిలోమీటర్లు దాటిన వేగంలో ఎదురుగాలి ఛాతీని పైకి ఎత్తి పట్టుకుంటుంది కాబట్టి చేతుల మీద బరువు పడదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో ముప్పయి వేగంలో ఏ గాలి వచ్చి ఎత్తుతుంది? బరువంతా మణికట్టే మొయ్యాలి. దీనికి ఎదురు కొసన, అమెరికా చాపర్ బళ్ల మాదిరి చేతులు చెవుల దాకా లేచే హ్యాండిళ్లు వేయించుకునేవాళ్లున్నారు. ఫోటోకి బాగుంటుంది. గంట నడిపితే చేతుల్లో రక్తం కిందకి దిగిపోయి బరువెక్కుతాయి, నడుం కింద ఎముక మీద ఒంటి బరువంతా కూర్చుంటుంది. సోకు కోసం వేసుకునేవాళ్లని ఆపలేం. నొప్పి కోసం మార్చేవాళ్లు మాత్రం ఈ రెండు కొసలకీ పోకూడదు.

నిజంగా మార్చవలసి వచ్చే సందర్భాలూ ఉన్నాయి. మనిషి బాగా పొడుగైనా, బాగా పొట్టి అయినా, భుజం ఒకసారి విరిగి అతికినా, షుగరు వల్ల గూడ పట్టేసి చెయ్యి సగానికి మించి లేవకపోయినా తిప్పుడుతో పని జరగదు. అప్పుడు పైపు కింద అంగుళం ఎత్తు రైజర్లు వేయడం మొదటి మెట్టు. అంతకు మించి ఎత్తితే వైర్లు పొట్టివైపోతాయి, పొడుగువి వేయాలి. పైపు మార్చేటట్టయితే గ్రిప్పు దగ్గర మందం చాలా బళ్లకి 22 మిల్లీమీటర్లే కాబట్టి వేరే బండి పైపు దీనికి పడుతుంది. పడుతుంది కదా అని ఊరుకోకండి. చాలా బళ్లలో లైటు, హారను స్విచ్చుల పెట్టెలో చిన్న బుడిపె ఉండి పైపుకున్న రంధ్రంలో కూర్చుంటుంది. కొత్త పైపుకి ఆ రంధ్రం లేకపోతే కొందరు బుడిపెని ఆకురాయితో అరగదీసేస్తారు. ఆ పెట్టె తరువాత చేతిలో గిర్రున తిరుగుతుంది, ఎక్సిలేటరు వైపు అయితే అది ప్రాణం మీదకి వచ్చే పని. రంధ్రం వేయించండి, బుడిపె అరగదీయనివ్వకండి.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, ఆర్‌సీలో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. 2019 సవరణ తరువాత అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆర్‌సీలో హ్యాండిల్‌కి గడి లేదు నిజమే. అయినా కంపెనీ వాళ్లే అదే బండికి అమ్మే పైపులు, రైజర్లు దొరికితే వాటికే పోవడం మంచిది. రేపు ఇన్సూరెన్సు వాళ్లతో వాదించే పని తప్పుతుంది.

ఇప్పుడు హ్యాండిల్ మీద పడే నిందల్లో హ్యాండిల్ చెయ్యని తప్పులు చూద్దాం. మొదటిది క్లచ్ వైరు. మనది సముద్రపు గాలి. బారువ, కళింగపట్నం, చింతపల్లి వైపు బళ్లకి ఉప్పుగాలికి వైరు గొట్టంలోనే తుప్పు పడుతుంది. లీవరు రాయిలా బిగుస్తుంది, రోజుకి వందలసార్లు ఆ బరువు నొక్కితే ముంజేయి పట్టెయ్యక ఏం చేస్తుంది? పాత మెకానిక్కులు చేసే పని ఒకటుంది, ఇంట్లోనే చేసుకోవచ్చు. వైరుని లీవరు దగ్గర ఊడదీసి, గొట్టం పై కొసకి చిన్న పాలిథిన్ ముక్కని గరాటులా చుట్టి రబ్బరుతో కట్టండి. అందులో నాలుగు చుక్కలు ఇంజనాయిలు వేసి వైరుని ఆడిస్తూ ఉండండి. ఆయిలు దారి చేసుకుంటూ దిగుతుంది. కింది కొసన మొదట ఎర్రగా తుప్పు నీళ్లు, తరువాత నల్లగా, చివరికి ఆయిలు రంగులోనే చుక్క కనిపిస్తుంది. అప్పటికి పని అయినట్టు. లీవరు ఒక వేలికి లొంగుతుంది. అయినా లొంగకపోతే, వైరు పోగులు తెగుతూ ఉంటే, కొత్త వైరు వేయడమే.

రెండోది కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరగడానికి ఉండే గోళీల బేరింగు. ముందు చక్రం ఎత్తి హ్యాండిల్‌ని మెల్లగా తిప్పితే సరిగ్గా నడిమధ్యలో టక్కున ఆగినట్టు అనిపిస్తే ఆ గోళీలు తమ గుంటలు తవ్వుకున్నాయి. అలాంటి బండి తిన్నగా పోదు, మనం తెలియకుండానే రోజంతా పట్టి లాగుతూ ఉంటాం. ముందు షాకబ్జర్లలో ఆయిలు కారిపోయినా అంతే, గోతిలో పడ్డ దెబ్బ సూటిగా మోచేతికి వస్తుంది. సీటు ముందుకి వాలి ఉంటే ఒళ్లు ట్యాంకు మీదకి జారుతుంది, దాన్ని చేతులే ఆపుతుంటాయి. ఇలాంటప్పుడు హ్యాండిల్ ఎంత మార్చినా దండగ, సీటు కుట్టేవాడి దగ్గరికి వెళ్లి స్పాంజి సరిచేయించుకోవాలి. హ్యాండిల్ కొసల్లో ఉండే ఇనప గుండ్లు అందం కోసం పెట్టినవి కావు, అదురు తగ్గించడానికి పెట్టినవి. వాటిని పీకేసి రంగు రంగు బిరడాలు పెట్టుకుని, తరువాత చేతులు మొద్దుబారుతున్నాయంటే ఏం చెప్పాలి?

బరువు సంగతి చిన్న వ్యాపారులకి. వెనక క్యారియరు మీద ఎత్తుగా మూట కడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. ఊగిన హ్యాండిల్‌ని మనం గట్టిగా పిడికిట బిగిస్తాం. రోజంతా బిగించిన పిడికిలే సగం నొప్పికి మూలం. బరువులో వీలైనంత ఎక్సెల్ ముందు ఖాళీలో, కాళ్ల మధ్య కిందకి పెట్టండి. హ్యాండిల్‌కి సంచులు తగిలించకండి. ఒకవైపు బియ్యం సంచి వేలాడుతుంటే రెండో చెయ్యి ఇంటి దాకా దాంతో కుస్తీ పట్టాలి.

ఇక్కడ ఆగి ఉద్దానం శ్రోతలకి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. చేతులు లాగుతున్నాయని, భుజం పీకుతోందని రాత్రి పడుకునేముందు మందుల షాపులో నొప్పి బిళ్ల అడిగి వేసుకోవడం మనలో మామూలైపోయింది. రోజూ వేసుకుంటే నొప్పి బిళ్లల్లో చాలా రకాలు మూత్రపిండాలని దెబ్బతీస్తాయి. మూత్రపిండాల జబ్బుతో ఇన్నేళ్లుగా ఏడుస్తున్న ప్రాంతం మనది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారంటే అవసరం ఎంతుందో చూడండి. అలాంటి చోట ఒక పానా తిప్పుడుతో పోయే నొప్పికి బిళ్ల మింగడం కంటే తెలివితక్కువ పని లేదు. బండి దిగిన గంటలో తిమ్మిరి పోతుంటే తప్పు బండి అమరికది. బండి ఎక్కని రోజు కూడా, నిద్రలో కూడా వేళ్లు మొద్దుబారుతుంటే, చేతిలో వస్తువులు జారిపోతుంటే అది డాక్టరు చూడవలసిన సంగతి. షుగరున్నవాళ్లు అసలు ఆలస్యం చెయ్యకూడదు.

స్కూటీ, యాక్టివా నడిపే ఆడవాళ్లు, టీచరమ్మలు, ఏఎన్ఎంలు, ఇదంతా మాకేమిటని అనుకోవచ్చు. స్కూటర్ల హ్యాండిల్ ప్లాస్టిక్ తొడుగులో దాక్కుని ఉంటుంది, తిప్పడానికి కుదరదు. మీకున్న దారి సీటు. కాలు నేలకి అందడం లేదని సీటు అంచున కూర్చుంటే చేతులు ముడుచుకుపోతాయి. సీటు ముందు భాగం కాస్త సన్నగా కోయించి కుట్టిస్తే, వెనక్కి జరిగి కూర్చున్నా కాలు అందుతుంది. బ్రేకు లీవరు బాగా సాగితే గానీ పట్టకపోతే వైరు బిగించమనండి. చిన్న అరచేతులకి లావు స్పాంజి గ్రిప్పులు పనికిరావు. చెమట పీల్చి జారతాయి, పట్టు కోసం ఇంకా గట్టిగా పిసకాలి. మామూలు రబ్బరువే మేలు.

చివరగా మెకానిక్కు సోదరులకి నా మనవి. మీ దగ్గరికి సర్వీసుకి వచ్చిన బండి ఆయిలు మార్చి, చైను బిగించి తాళం ఇచ్చేముందు, ఆ మనిషిని ఒకసారి బండి మీద కూర్చోబెట్టి చేతులు చూడండి. రెండు నిమిషాల పని. శ్రోతలకి మనవి, మెకానిక్కు చూడకపోతే మీరే అడగండి. అడిగినందుకు డబ్బులిమ్మంటే ఇవ్వండి. అది న్యాయమైన కూలి.